కొత్త చికిత్సా మార్గదర్శకం వచ్చాక పాతది ఎప్పటి నుంచి చెల్లదు? (టీబీ, మలేరియా, హెచ్‌ఐవీ, కోవిడ్)

ఏజెన్సీ_ఎంవో

పీహెచ్‌సీ వైద్యాధికారులకు పనికొచ్చేలా ఒక విషయం తేల్చుకోవాలి. టీబీ ఒక్కదానికే కేంద్రం నుంచి వచ్చిన పుస్తకాలు ఎన్నో చేతులు మారుతున్నాయి. 2016 నాటి టెక్నికల్ అండ్ ఆపరేషనల్ గైడ్‌లైన్స్ ఉంది. మందులకు లొంగని టీబీ మీద 2017, 2019, 2021లో వచ్చినవి ఉన్నాయి. ఆ పైన బీపీఏఎల్‌ఎం (మందులకు లొంగని టీబీకి నాలుగు మందుల 26 వారాల కోర్సు) మీద ఆదేశాలు. ఏ పీడీఎఫ్ మీదా ‘ఇక చెల్లదు’ అన్న ముద్ర లేదు.

కొత్తది వస్తే పాతది మొత్తం పోయినట్టేనా? సగం కోర్సులో ఉన్న రోగికి ఏది వర్తిస్తుంది? రెండు కేంద్ర సంస్థలు రెండు మాటలు చెబితే ఏది పట్టుకోవాలి? మలేరియా, హెచ్‌ఐవీ, కోవిడ్ సంగతులు తెలిసినవాళ్లు కూడా రాయండి.

శ్వాసకోశం

డాక్టర్ గారూ, మన దగ్గర పుస్తకం మొత్తంగా రద్దయ్యేది తక్కువ. ఒక అధ్యాయం మారుతుంది, ఒక్కోసారి ఒక్క పట్టికే మారుతుంది. మిగతాదంతా అలాగే నడుస్తుంది. అందుకే ‘ఏ పుస్తకం చెల్లుతుంది’ అని కాకుండా ‘ఈ రోగికి, ఈ నిర్ణయానికి చివరగా వచ్చిన మాట ఏది’ అని వెతకాలి.

మామూలు టీబీ మందుల బరువు పట్టికే చూడండి. పెద్దలకు ఇచ్చే నాలుగు మందుల బిళ్లలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. బిళ్ల మారలేదు, ఎన్ని బిళ్లలన్నది మారింది.

2016 పుస్తకంలో: 25–39 కిలోలకు 2, 40–54కు 3, 55–69కు 4, 70 దాటితే 5.

తర్వాతి పట్టికలో: 25–34కు 2, 35–49కు 3, 50–64కు 4, 65–75కు 5, 75 దాటితే 6.

39 కిలోల మనిషికి పాత లెక్కన రెండు బిళ్లలు, అంటే రిఫాంపిసిన్ 300 మిల్లీగ్రాములు. కిలోకు 7.7 పడింది. ఉండాల్సింది కిలోకు 10, పరిధి 8 నుంచి 12. అంటే ఆ బరువు గడి పైఅంచున ఉన్నవాళ్లకు మందు పరిధి కంటే తక్కువగా అందేది. కొత్త గడుల్లో పైఅంచు లెక్క వేయండి: 34 కిలోలకు 8.8, 49కి 9.2, 64కి 9.4. కింది అంచున మాత్రం 35 కిలోలవాళ్లకు 12.9 దాకా వెళుతుంది. అక్కడ కాలేయం సంగతి కనిపెట్టుకోవాలి.

గోడ మీద పాత చార్టు ఉండిపోతే 36 కిలోల రోగికి రెండు బిళ్లలే వెళతాయి. అందులో ఎవరి నిర్లక్ష్యమూ కనిపించదు, చార్టు చూసే ఇచ్చారు కాబట్టి. మార్పు గురించి సర్క్యులర్ పంపడం కంటే పాత చార్టు దించడం ముఖ్యమని నేను గట్టిగా అంటాను.

స్టోర్స్‌కీపర్

శ్వాసకోశం గారు చెప్పినదానికి స్టోరు వైపు నుంచి కొంత కలుపుతాను.

వారానికి మూడు రోజుల పద్ధతి ఉన్నప్పుడు మందులు రోగికొక పెట్టెగా వచ్చేవి. కేటగిరీ 1కి (కొత్త రోగులకు) ఎర్ర పెట్టె, కేటగిరీ 2కి (ఇదివరకే మందులు వాడి మళ్లీ వచ్చినవారికి) నీలం పెట్టె. ఎర్ర పెట్టెలో మొదటి దశకు 24 డోసులు, తర్వాతి దశకు 18 వారాల స్ట్రిప్పులు. రోజూ మింగే పద్ధతి వచ్చాక పెట్టె పోయింది, విడి స్ట్రిప్పులు వచ్చాయి. మార్గదర్శకం మారినప్పుడు అసలు ప్రమాదం రెండు రకాల సరుకు ఒకే గదిలో ఉన్న ఆ కొన్ని నెలల్లోనే.

లెక్క చూడండి. పాత పద్ధతిలో ఒక డోసు అంటే ఐసోనియాజిడ్ 600, రిఫాంపిసిన్ 450. వారానికి మూడుసార్లు కాబట్టి ఐసోనియాజిడ్ 1800, రిఫాంపిసిన్ 1350. కొత్త పద్ధతిలో మూడు బిళ్లలు వేసుకునేవాళ్లకు రోజూ 225, 450. వారానికి 1575, 3150. రిఫాంపిసిన్ రెట్టింపు దాటింది, ఐసోనియాజిడ్ కాస్త తగ్గింది.

ఇప్పుడు పొరపాటు ఎటు జరిగినా చూడండి. కొత్త బిళ్లలను పాత అలవాటు ప్రకారం వారానికి మూడుసార్లే ఇస్తే ఐసోనియాజిడ్ వారానికి 675కు పడిపోతుంది, మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. పాత స్ట్రిప్పును రోజూ ఇస్తే ఐసోనియాజిడ్ రోజుకు 600, అవసరానికి రెట్టింపు పైనే. అందుకే కొత్త సరుకు ఇవ్వడం మొదలుపెట్టేముందు పాత సరుకును లెక్కపెట్టి, వేరే అరలో పెట్టి, ‘ఇప్పటికే మొదలుపెట్టిన వారికి మాత్రమే’ లేదా ‘వెనక్కి పంపాలి’ అని చీటీ అంటించాలి. ముందుగా గడువు ముగిసేది ముందు ఇవ్వాలన్న నియమం మనకు నరనరానా ఉంటుంది. పద్ధతి మారేటప్పుడు అదే నియమం తప్పుదారి పట్టిస్తుంది, గడువు దగ్గరున్నది పాత సరుకే కాబట్టి.

గోదావరి_గట్టు

అసలు వారానికి మూడు రోజుల పద్ధతి తీసేయడానికి అంతకాలం ఎందుకు పట్టింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే రోజూ ఇవ్వమంది కదా? 2017 జనవరిలో సుప్రీంకోర్టు తొమ్మిది నెలల గడువు పెడితే గానీ కదలలేదు. దీన్ని మార్గదర్శకం సవరించడం అంటారా?

ఆధారాలతో

గట్టు గారూ, ఆ 2010 వాక్యం పూర్తిగా చదవాలి. వీలైనచోట రోజూ ఇవ్వడం మేలు అన్నారు. ప్రతి డోసూ ఎదురుగా మింగించగలిగితే, రోగికి హెచ్‌ఐవీ లేకపోతే, వారానికి మూడుసార్లు కూడా ఒప్పుకోదగ్గదే అన్నారు. మన కార్యక్రమం ఆ రెండో దారిలో నిలబడింది. 2017లో ఆ దారి మూసేశారు: రెండు దశల్లోనూ వారానికి మూడుసార్లు వద్దన్నారు. రెండో దారి తెరిచి ఉంచినప్పుడు ఒక్కో దేశం తన వీలును బట్టి ఆగుతుంది. మూసేశాక ఆగడానికి కారణం చూపించాలి. ఆలస్యాన్ని సమర్థించడం లేదు, ఎక్కడ ఆగిందో చెబుతున్నాను.

క్రమం ఇలా నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు ప్రశ్నను బిగిస్తుంది: ఎలాంటి రోగులు, ఏ చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితం. ఆధారాలను గ్రేడ్ పద్ధతిలో తూస్తారు. నిపుణుల బృందం సిఫార్సు బలమైనదో షరతులతో కూడినదో చెబుతుంది. పూర్తి పత్రం రాకముందే సారాంశాన్ని ‘రాపిడ్ కమ్యూనికేషన్’ పేరుతో వదులుతారు, దేశాలు మందుల కొనుగోలు మొదలుపెట్టుకోవాలని. ఇక్కడ చాలామంది పొరబడతారు. రాపిడ్ కమ్యూనికేషన్ వచ్చింది కదా అని జిల్లాలో చికిత్స మార్చకూడదు. మన దగ్గర సెంట్రల్ టీబీ డివిజన్, దాని నిపుణుల బృందం చూసి, మందుకు అనుమతి, కొనుగోలు, ల్యాబు పరీక్షలు, శిక్షణ అన్నీ కుదిరాకే ఆదేశం వస్తుంది.

బీపీఏఎల్‌ఎం సంగతే తీసుకోండి. 2022 మేలో రాపిడ్ కమ్యూనికేషన్, డిసెంబర్‌లో పూర్తి మార్గదర్శకం. మన ఆరోగ్య శాఖ ఆమోదం 2024 సెప్టెంబర్‌లో. ప్రెటోమానిడ్ అనే కొత్త మందుకు మన దేశంలో అనుమతి అంతకుముందే వచ్చింది, కానీ అదొక్కటే చాలదు. రిఫాంపిసిన్ పనిచేయదని పరీక్షలో తేలిన రోగికి ఫ్లోరోక్వినలోన్ పనిచేస్తుందో లేదో వెంటనే చెప్పగల ల్యాబులు కావాలి. అవి లేకుండా 26 వారాల కోర్సు మొదలుపెడితే ఉన్న కొద్దిపాటి కొత్త మందులను కూడా పోగొట్టుకుంటాం.

శ్వాసకోశం

ఏజెన్సీ ఎంవో గారి మొదటి ప్రశ్నకు బీపీఏఎల్‌ఎం మంచి ఉదాహరణ. బెడాక్విలిన్ రెండు వారాలు రోజుకు 400, ఆ తర్వాత వారానికి మూడుసార్లు 200. ప్రెటోమానిడ్ 200, లినెజోలిడ్ 600, మాక్సిఫ్లాక్సాసిన్ 400 రోజూ. ఇది వచ్చింది కాబట్టి 2021 పుస్తకంలోని పద్ధతులన్నీ పోయాయని అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 14 ఏళ్లు నిండినవారికే సిఫార్సు చేసింది. మెదడు పొరల టీబీ, ఎముకల టీబీ, ఒళ్లంతా పాకిన టీబీ ఉన్నవాళ్లకు కాదు. గర్భిణులకు ప్రెటోమానిడ్ భద్రత తేలలేదు. వీళ్లందరికీ పాత కోర్సులే గతి. అంటే పాత పద్ధతులు బతికే ఉన్నాయి, వాటి కిందికొచ్చే రోగులు తగ్గారు.

దీనికి ఎదురు ఉదాహరణ కనామైసిన్, కాప్రియోమైసిన్ సూదిమందులు. వాటితో చికిత్స విఫలమవడం, తిరగబెట్టడం ఎక్కువని 2018లో తేలాక పొడవైన కోర్సుల్లో ఇక వాడొద్దన్నారు. ఇది మినహాయింపులు లేని తొలగింపు. అమికాసిన్‌ను మాత్రం షరతులతో ఉంచారు. మూడూ ‘సూదిమందులే’ కదా అని కలిపి చదివినవాళ్లు అమికాసిన్‌నూ తీసేశారు, లేదా మూడింటినీ ఉంచేశారు.

కేటగిరీ 2 మరో రకం. మందులు మానేసి మళ్లీ వచ్చినవాళ్లకూ, తిరగబెట్టినవాళ్లకూ స్ట్రెప్టోమైసిన్ ఒక్కటి కలిపి 8 నెలలు ఇచ్చే పద్ధతి. ఓడిపోతున్న మందుల గుంపుకు ఒక్క మందు కలపకూడదన్నది టీబీ వైద్యంలో మొదటి పాఠం. అయినా 2016లో రోజువారీ పద్ధతికి మారినప్పుడు కేటగిరీ 2 పోలేదు, రోజువారీ రూపంలో కొనసాగింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక రాయొద్దని, ముందు ఏ మందు పనిచేస్తుందో పరీక్షించమని చెప్పాకే మన దగ్గర కూడా తీసేశారు. కొత్త పుస్తకంలో ఉందంటే కొత్తగా ఆలోచించి పెట్టారని కాదు. పాతదాన్ని ముట్టుకోకుండా దింపినవి కూడా ఉంటాయి. అందుకే ప్రతి పట్టిక కిందా అది ఏ ఏడాది ఆధారమో రాయాలి. మనవాళ్లు రాయరు. ఇది నిజంగా పెద్ద లోటు.

బర్మింగ్‌హాం_తెలుగు

ఆ లోటును ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ ఎలా తీర్చిందో చెబుతాను. ప్రతి సిఫార్సు చివర చతురస్ర బ్రాకెట్లో సంవత్సరం ఉంటుంది. ఉత్త 2004 అని ఉంటే ఆధారాలు చూసింది అప్పుడే. ‘2004, 2018లో సవరణ’ అని ఉంటే మాట మార్చారు గానీ ఆధారాలు మళ్లీ తూచలేదు. ఒకే పేజీలో మూడు వేర్వేరు ఏళ్లు కనిపించడం మామూలే. పాత పత్రం చోట కొత్తది వస్తే నంబరే మారుతుంది. దీర్ఘకాలిక నిస్సత్తువ జబ్బు (ఎంఈ/సీఎఫ్‌ఎస్) మీద 2007 నాటి సీజీ53 పోయి 2021 అక్టోబర్‌లో ఎన్‌జీ206 వచ్చింది. పాతదాంట్లో ఉన్న, మెల్లమెల్లగా వ్యాయామం పెంచే చికిత్సను ఇందులో వద్దన్నారు. ఆగస్టులో రావాల్సింది, వృత్తి సంఘాల అభ్యంతరాలతో చివరి గడియలో ఆపి చర్చించి విడుదల చేశారు. అలా ఆగిన రెండు నెలలూ పాతదే అమల్లో ఉన్నట్టు. వెబ్‌సైట్లో ముసాయిదా చూసి చికిత్స మార్చకూడదన్నది దీని నుంచి మనకూ వర్తిస్తుంది.

గోదావరి_గట్టు

సరే. కానీ కోవిడ్‌లో ఈ తూకాలన్నీ ఎక్కడికి పోయాయి? 2020 జూన్ 16న డెక్సామెథసోన్ పనిచేస్తుందని బ్రిటన్‌లో ‘రికవరీ’ అనే మందుల ప్రయోగ పరీక్ష నడిపినవాళ్లు ప్రకటిస్తే జూన్ 27కల్లా మన ఆరోగ్య శాఖ ప్రోటోకాల్‌లో చేరింది. పదకొండు రోజులు! కానీ కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మా పనిచేయదని మనవాళ్లే తేల్చినా తీసేయడానికి ఏడు నెలలు. చేర్చేటప్పుడు ఉన్న వేగం తీసేసేటప్పుడు లేదు.

ఆధారాలతో

మీరు సరైన జంటే పట్టుకున్నారు. రెండింటినీ పక్కపక్కన పెడదాం.

డెక్సామెథసోన్ కొత్త మందు కాదు. అప్పటికే ప్రోటోకాల్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఉంది. దాని బదులు ఇది కూడా ఇవ్వొచ్చని చేర్చారంతే. ధర తక్కువ, ప్రతి ఆసుపత్రిలోనూ ఉంది, ఆక్సిజన్ అవసరమైనవాళ్లలో మరణాలు తగ్గాయని పెద్ద పరీక్ష చెప్పింది. ఎవరూ అడ్డుపడాల్సిన పని లేదు.

ప్లాస్మా మీద ఐసీఎంఆర్ నడిపిన ప్లాసిడ్ పరీక్షలో 39 ఆసుపత్రులు, 464 మంది రోగులు. ఒక్కొక్కరికి 200 మిల్లీలీటర్ల చొప్పున రెండు డోసులు. జబ్బు ముదరడం లేదా 28 రోజుల్లో మరణం కలిపి చూస్తే ప్లాస్మా ఇచ్చినవారిలో 19 శాతం, ఇవ్వనివారిలో 18 శాతం. 2020 అక్టోబర్‌లో అచ్చయింది. నవంబర్‌లో ఐసీఎంఆర్ ప్లాస్మా విచ్చలవిడిగా వాడొద్దని సలహా ఇచ్చింది గానీ తీసేయలేదు: లక్షణాలు మొదలైన తొలి రోజుల్లో, యాంటీబాడీలు బాగా ఉన్న ప్లాస్మా అయితే ఇవ్వొచ్చన్న సందు మిగిల్చింది. ఆ సందులోంచే రెండో వేవ్‌లో కుటుంబాలు రాత్రింబవళ్లు దాతల కోసం పరుగెత్తాయి. రికవరీ పరీక్షలో 11,558 మంది ఫలితం 2021 మే 14న అచ్చయ్యాక, మే 17న ప్లాస్మాను మార్గదర్శకం నుంచి తొలగించారు.

సందు మిగల్చడానికి వాదన ఉంది. ప్లాసిడ్‌లో ఇచ్చిన ప్లాస్మాలో యాంటీబాడీలు తక్కువ, కాబట్టి ఎక్కువున్నది పనిచేయవచ్చు అన్నారు. పరిశోధనకు అది మంచి ప్రశ్న. చికిత్సకు అది ఆధారం కాదు. ‘పరీక్షల్లో తప్ప బయట ఇవ్వొద్దు’ అని ఆ నవంబర్‌లోనే రాయాల్సింది.

ఏజెన్సీ_ఎంవో

2021 మే, జూన్‌లలో డీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్) ఒకటి చెప్పి, ఐసీఎంఆర్–ఎయిమ్స్ మరొకటి చెప్పిన సంగతి కూడా తేల్చండి. జిల్లాల్లో కోవిడ్ రోగులకు మందుల కిట్లు కట్టేవాళ్లకు ఇదే పెద్ద తలనొప్పి అయింది.

ఆధారాలతో

అవును. డీజీహెచ్‌ఎస్ పత్రం మీద తేదీ 2021 మే 27. వార్తల్లోకి వచ్చింది జూన్ 7 ప్రాంతంలో. అందులో తేలికపాటి కోవిడ్‌కు జ్వరం మందు, దగ్గు మందు, అవసరమైతే పీల్చే బుడెసొనైడ్ తప్ప ఏమీ లేవు. ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, డాక్సీసైక్లిన్, జింక్ అన్నీ పోయాయి. అదే సమయంలో ఎయిమ్స్–ఐసీఎంఆర్ టాస్క్‌ఫోర్స్ ఒక్క పేజీ చార్టులో ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ‘ఆధారం బలహీనం, వాడొచ్చు’ అన్న గడిలో ఉండిపోయాయి. వాటిని అక్కడి నుంచి తీసింది సెప్టెంబర్ 23న. దాదాపు నాలుగు నెలలు రెండు జాతీయ పత్రాలు రెండు రకాలుగా ఉన్నాయి.

అలాంటప్పుడు నేను చూసే వరుస ఇది. ముందుగా, మన రాష్ట్ర ఆరోగ్య శాఖ ఏ పత్రాన్ని పేరు పెట్టి అమలు చేయమందో చూడాలి. ఆరోగ్యం రాష్ట్రం చేతిలో ఉన్న విషయం, జిల్లాకు ఆదేశం వచ్చేది అక్కడి నుంచే. అది తేల్చకపోతే రెండు పత్రాల మాటల బరువు చూడాలి. ఒకటి ‘వాడొద్దు’ అని, మరొకటి ‘వాడొచ్చు’ అని ఉంటే, వాడకపోవడం వల్ల రెండింటిలో దేన్నీ ఉల్లంఘించినట్టు కాదు. ‘వాడొచ్చు’ అన్నది ఎప్పుడూ ఆజ్ఞ కాదు. కానీ కిట్‌లో పెట్టేసరికి అది ఆజ్ఞగా మారిపోతుంది. చార్టులో మూడో గడిలో చిన్న అక్షరాల్లో ఉన్న మాట, కిట్‌లోకి వెళ్లాక మొదటి బిళ్ల అయిపోతుంది.

ఏఆర్‌టీ_కౌన్సెలర్

సగం కోర్సులో ఉన్నవాళ్ల ప్రశ్నకు హెచ్‌ఐవీ నుంచి చెబుతాను. ఇక్కడ కోర్సుకు ముగింపు లేదు కాబట్టి ప్రతి మార్పూ ఇప్పటికే మందులు వాడుతున్న లక్షల మందిని కదిలించడమే.

పాత బిళ్ల టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, ఎఫావిరెంజ్ 600. కొత్తది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50. రాత్రికి రాత్రి అందరికీ మార్చలేదు, దశలవారీగా జరిగింది. మార్పులో జాగ్రత్త పడాల్సింది పాత బిళ్లకు లేని కొత్త అడ్డంకుల దగ్గర. రిఫాంపిసిన్ వాడుతున్న టీబీ రోగికి డోలుటెగ్రవిర్ రోజుకు ఒకటి చాలదు. 12 గంటల తర్వాత ఇంకో 50 మిల్లీగ్రాములు విడిగా ఇవ్వాలి, రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ బిళ్లలకు రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటించకూడదు. ఎఫావిరెంజ్ రోజుల్లో ఇవేవీ అడగాల్సిన పని లేదు. అందుకే కొత్త మార్గదర్శకంతోపాటు రోగిని అడిగే ప్రశ్నల కాగితం కూడా మారాలి.

హెచ్చరిక వచ్చి మళ్లీ తొలగిపోయిన ఉదాహరణ కూడా ఇదే మందు. 2018 మేలో బోట్స్వానా నుంచి, గర్భం దాల్చేనాటికి ఈ మందు వాడుతున్న 426 మందిలో నలుగురి బిడ్డలకు మెదడు, వెన్నుపాము ఏర్పడటంలో లోపం ఉందని సంకేతం వచ్చింది. వెంటనే గర్భం దాల్చే వయసు స్త్రీల విషయంలో జాగ్రత్త అన్నారు. 2019లో లెక్క 1,683 మందిలో ఐదుగురికి చేరింది, అంటే శాతం 0.94 నుంచి 0.3కి దిగింది. జూలైలో అందరికీ ఇదే మేలైన మందని తేల్చారు. ఇబ్బంది ఎక్కడంటే, 2018 హెచ్చరిక కరపత్రాలు పంచినంత జోరుగా 2019 సవరణ పంచలేదు. స్త్రీలకు మంచి మందు ఆలస్యంగా అందడానికి అది దారితీస్తుంది. హెచ్చరికను ఉపసంహరించడం కూడా హెచ్చరించినంత గట్టిగా చేయాల్సిన పని.

ఏజెన్సీ_ఎంవో

కౌన్సెలర్ గారూ, ఆ ప్రశ్నల కాగితం మాట చాలా విలువైనది. మరి మార్గదర్శకం నుంచి తీసేస్తే ఆ మందు నిషేధమైనట్టేనా? ప్రైవేటు దుకాణాల్లో దొరుకుతూనే ఉంటాయి.

స్టోర్స్‌కీపర్

రెండూ వేరు సార్. మార్గదర్శకం నుంచి తీసేస్తే కార్యక్రమం కొనదు, పంపదు. అమ్మకం ఆగాలంటే కేంద్రం డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద నోటిఫికేషన్ ఇవ్వాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్ జాబితా నుంచి పోయింది, కీళ్లవాతానికీ లూపస్‌కూ మామూలుగానే ఉంది.

రెండూ కలిసిన ఉదాహరణ టీబీ రక్తపరీక్ష కిట్లు. యాంటీబాడీలు చూసి టీబీ అని చెప్పే పరీక్షలు తప్పుదారి పట్టిస్తున్నాయని 2011 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. 2012 జూన్‌లో మన కేంద్రం వాటి దిగుమతి, తయారీ, అమ్మకం నిషేధించింది. ఏడాది లోపే. ఉత్త సలహాగా వదిలేసి ఉంటే ఆ పరీక్షలు ఇప్పటికీ నడిచేవి.

గోదావరి_గట్టు

మలేరియాలో ఆర్టెమిసినిన్ ఒంటరి బిళ్లల సంగతీ అలాంటిదే. 2009లో ఆపేశారు. ఒక్క మందే ఇస్తే పరాన్నజీవి దానికి అలవాటు పడిపోతుందన్న భయంతో.

ఏజెన్సీ ఎంవో గారికి మలేరియాలో ఇంకో చిక్కు ఎదురవుతుంది. 2010 విధానం ఫాల్సిపారమ్ రకం మలేరియాకు దేశమంతా ఆర్టిసునేట్, సల్ఫాడాక్సిన్–పైరిమెథమైన్ జోడీని మొదటి మందుగా పెట్టింది. 2013లో ఈశాన్య రాష్ట్రాలకు మాత్రం ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్ అయింది, అక్కడ సల్ఫా జోడీకి పరాన్నజీవి లొంగడం తగ్గింది కాబట్టి. ఒకే దేశంలో, ఒకే జబ్బుకు, ఒకే పుస్తకంలో రెండు చికిత్సలు. పాడేరు వైపు పనిచేసేవాళ్లు ఈశాన్య పేజీ చూసి రాస్తే స్టోరులో ఆ మందు ఉండకపోవచ్చు.

2013 పుస్తకంలో వయసుల వారీ స్ట్రిప్పుల రంగులు కూడా ఉన్నాయి: ఏడాది లోపు గులాబి, 1–4 పసుపు, 5–8 ఆకుపచ్చ, 9–14 ఎరుపు, 15 పైన తెలుపు. ఆశా కార్యకర్త రంగునే గుర్తుపెట్టుకుంటుంది. మందు మారితే రంగుల అర్థం కూడా మారిందేమో ముందు అది చెప్పాలి.

జ్వరం అనగానే క్లోరోక్విన్ ఇచ్చేసే పాత పద్ధతి పుస్తకంలోంచి పోయినా అలవాటులోంచి పోవడానికి చాలా కాలం పట్టింది. ర్యాపిడ్ టెస్ట్ కిట్ చేతికి రాకుండా ‘పరీక్షించాకే మందు’ అని రాస్తే జరిగేది అదే. వద్దన్నదాని స్థానంలో చేయాల్సింది చేతిలో ఉండాలి.

శ్వాసకోశం

సగం కోర్సు ప్రశ్నకు టీబీ వైపు జవాబు. మంచి ఆదేశంలో మూడు వాక్యాలు తప్పక ఉండాలి: ఏ తేదీ నుంచి, ఆ తేదీ తర్వాత మొదలుపెట్టేవారికా లేక అందరికా, ఇప్పటికే మొదలుపెట్టినవారు కొనసాగాలా మారాలా. మూడోది లేకపోతే ఊహించకండి, జిల్లా టీబీ అధికారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. మందు వల్ల హాని ఉందని తీసేసినప్పుడు, మెరుగైనది దొరికిందని తీసేసినప్పుడు జవాబు ఒకటి కాదు. మొదటి రకంలో నడుస్తున్నవాళ్లను కూడా వెంటనే సమీక్షించాలి. రెండో రకంలో కోర్సు బాగా నడుస్తుంటే మధ్యలో కదిలించడమే నష్టం కావచ్చు.

ఫైలు పెట్టుకునే విధానం: పుస్తకాలన్నీ కాకుండా, జబ్బుకు ఒక ఫోల్డరు. మొదటి కాగితం మీద వరుసలు: అంశం, ప్రస్తుత ఆదేశం నంబరు, పత్రం మీది తేదీ, మనకు చేరిన తేదీ, ఏ పాత ఆదేశం ఏ పేజీ పోయింది. ఆదేశం మొదటి పేరా శ్రద్ధగా చదవండి. ‘పూర్వపు ఆదేశాల స్థానంలో’ అంటే పాతది పోయింది. ‘పాక్షిక సవరణగా’ అంటే చెప్పినంత వరకే మారింది. ఏదీ లేకపోతే పాక్షికమనే అనుకుని, తేడా వచ్చిన ప్రతి చోటా అడగండి. వెబ్‌సైట్లో ఫైలు ఎక్కించిన తేదీని నమ్మకండి. పాత పుస్తకాన్ని సైటు మార్చినప్పుడు మళ్లీ ఎక్కిస్తే అది కొత్తగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఒక్క పేజీ చార్టు మీద నంబరు, తేదీ లేకపోతే గోడ ఎక్కించొద్దు.

పాత పత్రాలు చించేయకండి. రద్దయిన తేదీ రాసి విడిగా ఉంచండి. ఏ తేదీన ఏ డోసు సరైనదన్న ప్రశ్న ఆ తర్వాత ఆడిట్‌లోనో, రోగికి తిరగబెట్టినప్పుడో వస్తుంది. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమల్లో ఉన్నచోట ప్రామాణిక చికిత్సా పద్ధతులు పాటించడం రిజిస్ట్రేషన్ షరతు కూడా.

ఏజెన్సీ_ఎంవో

ఇది వెంటనే పెట్టుకోగల పద్ధతి, శ్వాసకోశం గారూ. చివరిగా ఒక్కటి. కొత్త బరువు పట్టిక ప్రకారం మొదలుపెట్టిన రోగి కోర్సు మధ్యలో బరువు పెరిగి గడి దాటితే?

శ్వాసకోశం

గడి దాటడం ఒక్కటే చాలదు, మొదటి బరువు నుంచి 5 కిలోలకు పైగా మార్పు కూడా ఉండాలి. 47 కిలోలతో మూడు బిళ్లల మీద మొదలుపెట్టినవారు 51కి వస్తే గడి దాటారు గానీ పెరిగింది నాలుగే, మూడే కొనసాగించండి. 53కు వస్తే ఆరు పెరిగి గడి దాటారు, నాలుగు బిళ్లలు. దీనికోసం ప్రతి నెలా ఒకే తూకం మీద, చెప్పులు లేకుండా తూచి ట్రీట్‌మెంట్ కార్డులో రాయాలి.

స్టోర్స్‌కీపర్

డోసు మారిన రోజునే నిక్షయ్ (టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్)లోనూ కొత్త బరువు ఎక్కించండి సార్. రోగి ఇంట్లో మిగిలిన స్ట్రిప్పుల్లోంచి నాలుగేసి వేసుకుంటే నెల సరుకు ముందే అయిపోతుంది, చివర్లో వారం ఖాళీ పడుతుంది. తేడా స్ట్రిప్పులు ఆ రోజే ఇచ్చి పంపాలి.